వెనక సీటు కొలతలు

కొత్తగా ఒక పని చేతికొచ్చిన మనిషికి, లోకంలో ఉన్న వస్తువులన్నీ ఆ పని కోసమే కాచుకుని కూర్చున్నట్టు కనిపించే కాలం ఒకటుంటుంది. నాకది పంతొమ్మిదో ఏట వచ్చింది. అప్పుడే తెలంగాణ వచ్చిన కొత్త. డిగ్రీలో ఒక సబ్జెక్టు నన్ను పట్టుకుని వదలకపోతే, మళ్లీ పరీక్ష వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక ఒక మేడ మీద మూడు నెలలు కుట్టు నేర్చుకుని సర్టిఫికెట్‌తో ఇంటికొచ్చాను. ఆ తర్వాత మా ఇంట్లో బట్ట కట్టని వస్తువు లేదు. ఫ్రిజ్‌కు, మిక్సీకి, టీవీ రిమోటుకు కవర్లు. గ్యాస్ సిలిండరుకు కుచ్చుల గౌను. (సిలిండరు మార్చడానికి వచ్చిన అన్న దాన్ని ఎక్కడ పట్టుకుని లేపాలో తెలియక కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పాపం.) జాకెట్లు కూడా కుట్టేదాన్ని. నేను కుట్టిన జాకెట్ వేసుకుని మా అమ్మ కుడి చెయ్యి ఎత్తితే ఎడమ భుజం లేచేది. అయినా నా చేతిపని మీద నాకున్న నమ్మకం చెక్కు చెదరలేదు.

మా బాపు స్కూలు వ్యాను నడిపేవాడు. ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒకటే కోరిక, అంబాసిడర్ కారు. శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం మంచాల నుంచి తెల్ల అంబాసిడర్ తోలుకుంటూ వచ్చి మా ఇంటి ముందు దిగాడు. అది అక్కడి ఒక పటేల్‌ది. పటేల్ కాలం చేసి ఏడాదైందట, కొడుకు అమ్మేశాడట. ఈమధ్య పెళ్లికి ముందే అబ్బాయీ అమ్మాయీ చెరువు గట్ల మీదా, పాత గోడల దగ్గరా ఫొటోలు దిగుతున్నారు కదా, అలాంటివాళ్లకు పాత కారంటే మోజని, కిరాయికి తిప్పుదామని బాపు ఆలోచన. అనుకున్నట్టే తుక్కుగూడ నుంచి ఒక పెళ్లివారు వచ్చి చూసి, పది రోజుల్లో కావాలన్నారు. “బండి మస్తున్నది గని సీట్లు మార్చాలె. మెరూన్ రంగు అయితే బాగుంటది” అన్నారు. బాపు మాట ఇచ్చేశాడు. తీరా పట్నంలో సీట్లు కుట్టే షాపులో అడిగితే, అంత పాత బండికి కటింగ్ మా దగ్గర లేదు, నెలరోజులు వదిలిపెట్టి పొమ్మన్నారు. బాపు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

“ఏం ఫికర్ జెయ్యకు బాపు, నేను కుడుత” అన్నాను.

బాపు నన్ను చూశాడు, గౌను వేసుకున్న సిలిండరును చూశాడు. “అవ్ బిడ్డా, కుట్టు. కుచ్చులు మాత్రం వెట్టకు” అన్నాడు.

మా ఇల్లు ఇబ్రహీంపట్నంలోనే, మంచాల రోడ్డు మీద ఊరి చివరన ఉండేది. ముందు చిన్న వరండా, పక్కనే రేకుల షెడ్డు, గేటన్నది లేదు. అమ్మ అంగన్‌వాడీలో ఆయమ్మ. పొద్దున తొమ్మిదికి అమ్మా బాపూ వెళ్తే మళ్లీ నాలుగింటిదాకా ఇంట్లో నేనొక్కదాన్నే. దయ్యాలకు చీకటి కావాలంటారు గాని, ఊరి చివర ఇంట్లో పన్నెండు గంటల ఎండలో ఒంటరిగా కూర్చున్నవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. గాలి ఆగిపోతుంది. రోడ్డు మీద బస్సు పోయాక మిగిలే నిశ్శబ్దంలో రేకులు టక్, టక్‌మని వేడికి చిట్లుతుంటాయి. ఎవరో పైన వేళ్లతో లెక్క పెడుతున్నట్టుంటుంది.

మొదటి రోజు టేపూ నోటుబుక్కూ పట్టుకుని కారు ఎక్కాను. నోటుబుక్కులో ఉన్నవన్నీ జాకెట్ గడులే కాబట్టి సీటుకు కూడా భుజం, ఛాతీ, నడుము అనే రాసుకున్నాను. ముందు సీటు మర్యాదగానే కొలతలిచ్చింది. వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఎడమ పక్కన, తలుపు దగ్గర, లోతుగా ఒక గుంట పడి ఉంది. మనిషి కూర్చున్న గుంట. సన్నటి మనిషి. అరచేత్తో కొట్టాను. కొబ్బరి పీచు కొంచెం కొంచెంగా పైకి లేస్తూ ‘హ్...’ అని ఊపిరి వదిలింది. లోపల తలనొప్పి మందు వాసన, ఎండిన పూల వాసన. పాత కవరు విప్పితే కింద ఇంకొక కవరు, దాని కింద చేత్తో నేసిన దళసరి గుడ్డ కవరు ఇంకొకటి. ఆ గుడ్డ అంచుల వెంబడి ఎర్రదారంతో చీమల బారులాంటి కుట్లు. ఎంత ఓపికో. నాకు మాత్రం అప్పుడు అది కటింగ్‌కు నమూనాలాగే కనిపించింది. కత్తెర తీసుకుని కుట్ల వెంబడి ముక్కలు చేసి, కావలసినవి ఉంచుకుని, మిగిలిన పెద్ద ముక్క అమ్మకిచ్చాను. అమ్మ దాన్ని మడిచి గడప ముందు కాళ్లు తుడుచుకోవడానికి వేసింది. సీటు సందులో చెయ్యి పెడితే ఒక గాజు ముక్క, రెండు చింతగింజలు, తలవెంట్రుకల చిన్న ఉండ దొరికాయి. ఉండ తెల్లగా ఉంది. చెయ్యి కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

గుంట పూర్తిగా లేచేదాకా సీటు బాది, పైన ఒక దుప్పటి పరిచి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం కొలత సరిచూసుకుందామని వెళ్తే దుప్పటి లేదు. నాలుగు మడతలు పెట్టి, ముందు సీటు మీద అంచులు కలిపి నీటుగా పెట్టి ఉంది. గుంట మళ్లీ పడి ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. టేపు పెడితే నిన్నటికన్నా రెండు అంగుళాలు ఎక్కువ వచ్చింది. నేను జాకెట్లు తప్పుగా కుట్టానేమో గాని కొలత తీయడంలో ఎప్పుడూ తప్పలేదు. (అమ్మ దీన్ని ఒప్పుకోదు.)

సాయంత్రం అడిగాను. “అమ్మా, కార్ల దుప్పటి నువ్వు మడతవెట్టినవా?”

“నాకు ఇంట్ల మడతవెట్టే బట్టలు తక్కువైనయా? షెడ్డుల బోయి మడతవెట్టాల్నా?” అంది అమ్మ.

బాపు అన్నం కలుపుతూ, “స్ప్రింగులు బిడ్డా. పాత స్ప్రింగులు గట్లనే లేస్తయి, గట్లనే కుంగుతయి” అన్నాడు.

“మరి దుప్పటి?”

బాపు ఇంకొంచెం పప్పు వేసుకున్నాడు.

మూడో రోజు వరండాలో మిషన్ వేసుకుని కూర్చున్నాను. సీట్లకని తెచ్చిన రెక్సిన్ దళసరిగా ఉండి మిషన్ పాదం కింద జరగదు, అందుకని దాని మీద పౌడర్ రాసి, బలమంతా పెట్టి తొక్కుతున్నాను. సూదులు రెండు విరిగాయి. మూడోది ఎక్కించి తల వంచి ఒక పొడవు కుట్టు లాగిస్తున్నాను. అప్పుడు షెడ్డులోంచి ‘ధబ్’మని చప్పుడు. అంబాసిడర్ తలుపు చప్పుడు ఇంకో దేనికీ రాదు. కాలు ఆపాను. మిషన్ చక్రం తనంతట తాను అరచుట్టు తిరిగి ఆగింది. తలెత్తి చూస్తే కారు వెనక అద్దంలో, ఎడమ పక్కన, ఒక తల. తెల్లటి తల. కదలడం లేదు. ముందుకే చూస్తోంది, ఎక్కడికో ప్రయాణం చేస్తున్నట్టు.

లేచి పరుగెత్తబోయాను. నా మెడను ఎవరో వెనకనుంచి పట్టి లాగారు. నిజంగా లాగారు. నేను ముందుకు గుంజుకుంటే వాళ్లు అంత గట్టిగా వెనక్కి గుంజుతున్నారు. “ఇడ్వు! నన్నిడ్వు!” అని నేను వేసిన కేకకు రోడ్డవతలి కుక్కలు లేచాయి. మళ్లీ గుంజుకుంటే ఏదో పెద్దది గడగడమంటూ నా వెంటే కదిలి వచ్చింది. అది కుట్టుమిషన్. పౌడర్ రాసుకుంటూ తల వంచి కుట్టిన కుట్టులో, సీటు కవరుతో పాటు, నా చున్నీని కూడా జానెడు పొడవున రెండు వరసలు గట్టిగా కుట్టేశాను. (నా మొత్తం కుట్టుపనిలో ఇంతవరకూ ఊడని కుట్టు అదొక్కటే.) కత్తెర వెతికి చున్నీ కోసుకుని బయటపడేసరికి కారు ఖాళీ. వెనక తలుపు మాత్రం పూర్తిగా పడక కొంచెం తెరుచుకుని ఉంది.

ఆ సాయంత్రం అమ్మ నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది, నాకు మిరపకాయలతో దిష్టి తీసింది. బాపు కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. “పటేల్ గండ్లనే పోయిండు. వెనక సీట్ల. దవాఖానకు తీస్కపోతుంటే.”

అమ్మ దిష్టి మిరపకాయలు పట్టుకునే నిలబడిపోయింది. “మనిషి పానం పోయిన సీటు మీద పెండ్లి జేస్కునేటోళ్లను కూసోవెడ్తవా?”

“పెండ్లెక్కడిదే? ఫొటోలే గద” అన్నాడు బాపు. ఆయన కూడా కారు కొన్న రోజు నుంచి ఒక్కసారైనా వెనక సీట్లో కూర్చోలేదని నాకు అప్పుడు తట్టింది. నా పక్కకు వచ్చి, “కొనంగనే చెప్తె మీరు రానియ్యరని చెప్పలే. తుక్కుగూడోళ్లకు మాటిచ్చిన బిడ్డా. ఇప్పుడు కాదంటే ఈ కారు మళ్లెవ్వడు అడగడు. నువ్వు కుట్టనంటె కూడ నేనేమనను” అన్నాడు. కుట్టమని గట్టిగా చెబితే కుట్టకపోయేదాన్నేమో. ఏమనను అన్నాడు కాబట్టి ఇరుక్కుపోయాను.

తర్వాత రెండు రోజులు షెడ్డు వైపు చూడకుండా ముందు సీటు కవర్లు కుట్టాను. ఆరో రోజు తప్పలేదు. వెనక సీటుకు ఏ కొలత నమ్మాలో తెలియదు, మళ్లీ తియ్యాల్సిందే. పన్నెండు కాకముందే పని ముగించుకుందామని వెళ్లాను గాని, ధైర్యం కూడగట్టుకునేసరికే పన్నెండైంది. సెల్‌ఫోన్లో భక్తి పాటలు పెట్టి, ఎడమ తలుపు బార్లా తెరిచి పెట్టి, కుడి వైపు నుంచి సగం ఒళ్లు లోపలికి వంచి, ఆ గుంటతో మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టాను.

“పటేలా, నేను చిన్నదాన్ని. నాతోని నీకు పంచాది లేదు. జర గటు జరుగు, కొలత తీస్కొని పోత.”

“పటేల్ గీడ కూసోడు బిడ్డా. గిది నా జాగ.”

గొంతు నా వెనకనుంచి వచ్చింది. నా తల కారు కప్పుకు తగిలిన చప్పుడు నాకే వినిపించింది. తిరిగి నేను ముందు చూసింది ముఖం కాదు, పాదాలు. (దయ్యాలకు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు ఎవరో చెప్పారు.) ముందుకే ఉన్నాయి. దుమ్ము కొట్టుకుని, రబ్బరు చెప్పుల్లో ఉన్నాయి. పైన నీరుకావి చీర, చేతిలో గుడ్డసంచి, తెల్లటి ముడి. మనిషి ఎంత సన్నగా ఉందంటే, నేను ఊపిరి గట్టిగా వదిలితే ఊగుతుందేమో అనిపించింది.

“నేను పటేల్ పెండ్లాన్ని. బయపడ్డవా?” అంది ఆ అవ్వ.

“లే” అన్నాను, కారు తలుపు రెండు చేతులా పట్టుకుని.

“మొన్న నువ్వు మిషిన్ గుంజుకుంట ఒర్రినవ్ సూడు, నేనే బయపడ్డ. ఈ పిల్లకేమో గాలి సోకిందనుకున్న. గందుకే దిగివోయిన.”

నేను ఆమెను దయ్యమనుకుంటే ఆమె నన్ను దయ్యం పట్టిన పిల్ల అనుకుందన్నమాట. మంచాల నుంచి బస్సులో ఏదో పని మీద పోతుంటే కిటికీలోంచి మా షెడ్డులో కారు కనిపించిందట. దిగేసిందట. అప్పటినుంచి వీలైనప్పుడల్లా బస్సెక్కి రావడం, కాసేపు కూర్చోవడం, మళ్లీ బస్సులో పోవడం. ఆమె కూతురి ఇంటికి పోయి వచ్చేసరికి కొడుకు కారు అమ్మేశాడట.

“ఒక్కమాట అడుగకపోయినవా అవ్వా?” అన్నాను.

“అడుగుతె వద్దంటరేమో అని” అంది. ఎక్కి, తన జాగాలో కూర్చుంది. గుంట ఆమెకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. “కారు పటేలే నడుపుతుండె. వెనక నేనొక్కదాన్నే, ఈడ. ఆయినె వెనక సీట్ల కూసున్నది ఒక్కనాడే. కొడుకు నడిపిండు. ఆయినె తలకాయ నా ఒళ్లె వెట్టుకున్న. ఇబ్రహీంపట్నం చౌరస్తా దాటినంకనే తెలిసింది నాకు, పానం లేదని.”

“మరి?”

“చెప్పలే. కారు ఆపితె దిగుమంటరు గద. దిగినంక ఇగ నా ఒళ్లె ఉండనిస్తరా? దవాఖాన దాక చెప్పలే. ముచ్చట వెట్టుకుంటనే పోయిన.”

పైన రేకులు టక్, టక్‌మన్నాయి. నా ఫోన్లో భక్తి పాట ఇంకా మోగుతూనే ఉంది.

మంచినీళ్లు తాగుదువు రమ్మని ఇంట్లోకి పిలిచాను. గడప దగ్గర చెప్పులు విడిచి, గుడ్డ మీద కాళ్లు తుడుచుకోబోయి ఆగింది. వంగి చూసింది. ఎర్రదారం కుట్లు. ఆమె ఆ గుడ్డను రెండు చేతులతో ఎత్తుకుంది. “కారు కొన్నప్పుడు కుట్టిన. నెల రోజులు పట్టింది” అంది. నేను ఏడుపు మొదలుపెట్టాను. “నేనే కత్తిరించిన అవ్వా, నమూనాకని... తెల్వక...” అంటున్నాను. ఆమె నా మాట విన్నట్టు లేదు. తొట్టి దగ్గరికి పోయి గుడ్డ ఉతికి, పిండి, దండెం మీద వేసి, అంచులు సరిచేసింది. తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా మిషన్ మీద ఉన్న మెరూన్ రెక్సిన్ అటూ ఇటూ తిప్పి చూసి, “గిదేంది బిడ్డా? సీటుకు జాకీటు కుడ్తున్నవా?” అంది.

నిజమే. నడుము దగ్గర నేను రెండు టక్స్ కూడా వేసి ఉన్నాను.

మర్నాడు, ఆ పై రోజు, ఆ తర్వాతి రోజు అవ్వ పొద్దుటి బస్సుకే వచ్చింది, దొంగతనంగా కాదు, అమ్మ పెట్టిన చాయ్ తాగి మరీ. కొలత ఎందుకు మారుతోందో ఆమే చెప్పింది. “సీటు గూడ మనిషి లెక్కనే. ఉత్తగున్నప్పుడు ఒక తీరు, కూసున్నప్పుడు ఒక తీరు. కూసున్నప్పటి కొలత తియ్యాలె. లేకుంటె మొదటి దినమే చినుగుతది.” ఆమె తన జాగాలో కూర్చుంటే, నేను ఆమె వెనకనుంచి, పక్కలనుంచి టేపు తిప్పి కొలిచాను. చేతి వేళ్లు ఆమె వీపుకు తగిలినప్పుడు చల్లగా ఉండేది. ఎడమ కొలత అయ్యాక, నేను అడగకుండానే, “గా పక్క పొడుగు గుడ కొలువు. మనిషి పండుకుంటె ఎంతనో గంత” అంది. కొలిచాను. ఎందుకని అడగలేదు. అంచున వచ్చే పైపింగ్ లోపల దారం పెట్టి కుట్టడం, మూలల్లో గుడ్డ వదలడం, కింద నాడాలు కట్టడం అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నాను. బాపు ఆ గుంటలో కొబ్బరి పీచు నింపుదామని సంచి తెచ్చాడు. అవ్వ తల వంచుకుంది. “నింపొద్దు బాపు, కుట్టు అట్లనే కుదిరింది” అని నేనే అబద్ధం చెప్పాను. బాపు నా వైపు, అవ్వ వైపు చూసి సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

ఫొటోల రోజు తుక్కుగూడ వాళ్లు సీట్లు చూసి మురిసిపోయారు. గుంట వల్ల ఒక మంచి కూడా జరిగింది. అబ్బాయి ఎటు కూర్చున్నా జారి అమ్మాయి మీదికే వచ్చేవాడు, ఫొటోగ్రాఫర్‌కు చెప్పే పని తప్పింది. అమ్మాయి మాత్రం ఒకసారి సీటు మీద చెయ్యి పెట్టి, “ఈడ ఎవరన్న కూసొని లేసిండ్రా? వెచ్చగున్నది” అంది. ఆ రోజు అవ్వ రాలేదు. “ఎండమ్మా, ఎండ” అన్నాడు బాపు గబగబా. కారు పొద్దుటినుంచీ నీడలోనే ఉంది.

తర్వాతి ఆదివారం అవ్వ వచ్చింది. బాపు తనే తలుపు తీసి పట్టుకుని, “ఎక్కు అవ్వా, మంచాల దాక దింపొస్త” అన్నాడు. నేను ముందు కూర్చున్నాను. ఆ ప్రయాణంలో నేనెన్నిసార్లు వెనక్కి తిరిగానో లెక్కలేదు. అవ్వను చూడ్డానికి కాదు, నా పైపింగ్ వంకర పోయిందేమోనని. అవ్వ తన జాగాలో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒడికి కొంచెం పైన, ఏదో బరువు జారిపోకుండా పట్టుకున్నట్టు ఉన్నాయి. కుడి పక్క సీటు పొడుగునా కొత్త రెక్సిన్ బిగుసుకుని ఉంది. అంత బిగుతుగా నేను కుట్టలేదే అనుకున్నాను. బాపు అద్దంలోంచి ఒకసారి చూశాడు. అప్పటినుంచి ప్రతి గుంత దగ్గరా బండి పాకించినట్టు నడిపాడు.

“అవ్వా, కుట్లేమన్న గుచ్చుకుంటున్నయా? మంచిగ కుట్టిన్నా?” అన్నాను ఉత్సాహంగా.

“మెల్లగ మాట్లాడు బిడ్డా” అంది అవ్వ.

మంచాలలో ఆమె ఇంటి ముందు బాపు కారు నిలిపాడు గాని ఇంజన్ ఆపలేదు. దిగమని కూడా అనలేదు. అవ్వ చాలాసేపు అట్లాగే కూర్చుంది. కొడుకు బయటికి వచ్చి, చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. డీజిల్ కొంచెం కాలినా గొణిగే మా బాపు ఆ రోజు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు నాకు అవ్వ ముఖం సరిగా గుర్తు లేదు. తర్వాత ఇంకో రెండేళ్లు బతికిందట గాని, నేను మళ్లీ చూడలేదు. ఆ ఆదివారం నేను తిరిగి చూసిన ప్రతిసారీ ఒక్క క్షణం చూపు ఎత్తి ఉంటే గుర్తుండేది. కానీ ఆ కారు ముందు సీట్లో ఉన్నది నేను కాదు, సర్టిఫికెట్ ఉన్న పంతొమ్మిదేళ్ల టైలర్. ఆ పిల్ల, ఇంత కష్టపడి కుట్టినందుకు ఒక్క మంచి మాటైనా అనకపోగా మెల్లగా మాట్లాడమని కసిరిందని, తిరుగు దారిలో ఇబ్రహీంపట్నం వచ్చేదాకా మూతి ముడుచుకుని కూర్చుంది.